ఓడ ఐదింటికి కదులుతుంది

ఓడలో, పదకొండో అంతస్తు
సోమవారం (లిఫ్టులో అలా రాసి ఉంది)

డాక్టరు కాకపోయినా ఊరందరి పళ్ళూ చేతిలో పెట్టుకున్న మా మరదలికి,

ఫోన్ ఉండగా ఈవిడ ఉత్తరం రాయడమేమిటా అనుకుంటావు. కిందటిసారి నేను మాట మధ్యలో ఉండగా నువ్వు ఫోన్ పెట్టేశావు. అంతకుముందు నేను పెట్టేశాను. ఉత్తరంతో ఆ సదుపాయం లేదు. చింపాలన్నా ముందు విప్పాలి, విప్పాక నువ్వు చదవకుండా ఉండలేవని నాకు తెలుసు.

మేం ఓడెక్కాం, నేనూ మీ అన్నయ్యా. ఆయన రిటైరయ్యాడు కదా, పిల్లలిద్దరూ కలిసి మమ్మల్ని మూడు నెలల విహారానికి పంపారు. మమ్మల్ని సుఖపెట్టడానికో, మూడు నెలలు మా పోట్లాటలు వినకుండా తాము సుఖపడడానికో నేను అడగలేదు.

ఓడ అనగానే నువ్వు ఊహించుకున్నది తీసి పక్కన పెట్టు. పద్దెనిమిది అంతస్తుల హోటలొకటి ఊరి మీద అలిగి సముద్రంలోకి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఇది అలా ఉంది. ఐదువేల మంది ప్రయాణికులం, మా అడుగులకు మడుగులొత్తడానికి రెండువేల మంది. ఏడు ఈతకొలనులు. చుట్టూ ఉన్న నీళ్ళు చాలవు కాబోలు. నడిమధ్యన నిజం చెట్లతో ఒక పార్కు. ఆ చెట్లలో పిట్టల కూతలు మాత్రం స్పీకర్లోంచి వస్తాయి, పిట్టలకి టికెట్లు దొరకలేదట. మంచు మీద జారే మైదానం ఒకటి, బుద్ధిపుట్టినవాళ్ళు ఎక్కడానికి ఒక గోడ, పానీయాలు కలిపే మరమనిషి ఒకడు. ఆ మరమనిషి ఎవరేం చెప్పినా వినడు, తన పని తాను చేసుకుపోతాడు. మీ అన్నయ్య వాడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి తన మనిషి కనపడ్డాడు మరి.

మా గదికి కిటికీ లేదు. దాని బదులు గోడంతా తెర. అందులో బయటి సముద్రం, ఉన్నది ఉన్నట్టు, అప్పటికప్పుడు. గోడకి అవతల సముద్రం, ఇవతల సముద్రం సినిమా. విసుగేస్తే రిమోట్‌తో ఆపెయ్యొచ్చు. గది సర్దే అతను రోజూ తువ్వాలుని మడతలు పెట్టి ఒక జంతువుని చేసి మంచం మీద కూర్చోబెడతాడు. నిన్న ఏనుగు. ఇవాళ్టిది కుక్కో కుందేలో తేలక, విప్పడానికి మనసొప్పక, ఒళ్ళు తుడుచుకోకుండానే బట్టలు కట్టుకున్నాను.

భోజనశాలలు ఇరవై రెండు. ఈ ఇరవై రెండింటిలోనూ మీ అన్నయ్య పుచ్చుకునేది ఒక్కటే, సూపు. నీ దగ్గర కట్టించుకోనని ఎవడో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర కట్టించుకున్న ఆ పళ్ళు ఇంకా అలాగే నోట్లో నాట్యం చేస్తున్నాయి. మొన్న పెద్ద హాల్లో, మూడంతస్తుల ఎత్తు దీపాల గుత్తి కింద, తెల్ల చేతితొడుగుల కుర్రాళ్ళు వడ్డిస్తుంటే, ఆయనకి రోషమొచ్చి ఒక ముక్క కొరికాడు. కింది వరస ముక్కతోపాటు పళ్ళెంలోకి వచ్చేసింది. తొడుగులతను కనురెప్ప వాల్చలేదు. పళ్ళెం మీద వెండిమూత పెట్టి తీసుకెళ్ళి, పళ్ళు కడిగించి, మళ్ళీ అదే వెండిమూత కింద పెట్టి తెచ్చిచ్చాడు. మర్యాదంటే అదీ.

ఆయనకి ఈ ఓడలో నచ్చింది ఒక్కటే. లిఫ్టు నేల మీద ఏ రోజుకారోజు వారం పేరున్న పట్టా పరుస్తారు. పొద్దున్నే ఆరింటికల్లా వెళ్ళి, మార్చారో లేదో చూసొస్తాడు. బస్ డిపోలో టైమ్ కీపరుగా విజిల్ ఊదిన మనిషికి ఇంకేం వినోదం కావాలి?

ఇక అసలు సంగతి. వచ్చే నెల ఇరవై రెండున ఈ ఓడ మీ ఊరి రేవులో ఆగుతుంది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా. మీ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుని ఆరేళ్ళయింది. రేవుకి రా. మీ అన్నయ్య రోజూ నీ గురించి అడుగుతున్నాడు.

జవాబు కింద రాసిన చిరునామాకి పంపు. రేవుల్లో ఓడ వాళ్ళ ఏజెంటు టపా తెచ్చిస్తాడు. నేను ఉత్తరం ఎక్కడ వెయ్యాలని అడిగితే కౌంటరు పిల్ల ఇత్తడి డబ్బా చూపించి, "ఇది అలంకారానికి పెట్టారనుకున్నామండీ" అంది. తాళంచెవి వెతకడానికి ఇద్దరు ఆఫీసర్లు రావాల్సొచ్చింది.

సముద్రాన్ని రిమోట్‌తో ఆపగలిగిన,
వదిన


పళ్ళ పనిగది, మెట్ల కింద
శనివారం (మా నేల మీద ఏమీ రాసి ఉండదు)

సముద్రపు మహారాణి వదినకి,

ఉత్తరం అందింది, నాకంటే ముందు పదహారో నంబరు ఇంటి ముసలాయనకి. నాది అరవై ఒకటి. నువ్వెప్పుడూ తిరగేసి పదహారనే రాస్తావు. ఆయన విప్పి, సాంతం చదివి, తర్వాతేమైందో చెప్పాలన్న షరతు మీద నాకిచ్చాడు.

మీ వైభోగం విని కళ్ళు చెదిరాయి. మా పనిగదిలోనూ సదుపాయాలకి లోటు లేదు. ఈతకొలను ఉంది, దాన్ని మేం తొట్టి అంటాం. మంచు మైదానం ఉంది, ప్లాస్టరు పొడి నేలంతా పడి జారుతుంది. కిటికీ కూడా ఉంది, నిజమైనది. గది మెట్ల కింద కాబట్టి అందులోంచి వీధిలో పోయేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపిస్తాయి. పై అంతస్తులో డాక్టరు నోళ్ళ అచ్చులు తీసి పంపుతాడు, కింద నేను మైనంలో పళ్ళు పొదిగి, ఉడికించి, సానబెట్టి పైకి పంపుతాను. రోజంతా నా చుట్టూ పళ్ళే కానీ నోళ్ళు ఉండవు. ఇంతకు మించిన విహారం నాకక్కర్లేదు.

మీ ఆయన రోజూ నా గురించి అడుగుతున్నాడా? వదినా, నీకు అన్నీ వచ్చుగానీ అబద్ధమాడడం రాదు. అతుకు కనిపిస్తోంది.

రేవుకి రమ్మన్నావు, ఆరేళ్ళయిందన్నావు. ఆ ఆరేళ్ళకి ముందేం జరిగిందో నీ ఉత్తరంలో లేదు. ఇరవై రెండు భోజనశాలల మధ్య చోటు దొరకలేదేమో, నేను రాస్తాను. అమ్మ పట్నం ఆస్పత్రిలో ఉంది. పక్కన నువ్వున్నావు. రమ్మని కబురు పెట్టావు. బస్సు నాలుగూ పదికి. నా పని పొయ్యి మీదుంది. డిపోకి ఫోన్ చేసి మీ ఆయనతో చెప్పాను, ఐదు నిమిషాలు ఆపమని. "బస్సు ఒక్కరి కోసం ఆగదు" అన్నాడు. ఎప్రాన్ విప్పకుండా పరుగెత్తాను. నేను గేటు దగ్గరికొచ్చేసరికి నాలుగూ పద్నాలుగు. బస్సు వీధి చివర మలుపు తిరుగుతోంది. మీ ఆయన విజిల్ ఇంకా చేతిలోనే ఉంది.

తర్వాతి బస్సు ఏడూ పదికి. అమ్మ పావుతక్కువ ఏడింటికే పోయింది. డ్యూటీ దిగి మీ ఆయనా అదే బస్సెక్కాడు. ముందు సీట్లో ఆయన, చివరి సీట్లో నేను. రెండు గంటల దారి.

అంచేత మహారాణీ, మీ ఓడ దారిన అది రావచ్చు, పోవచ్చు. టైముకి కదిలే బళ్ళ దగ్గర నాకు పనిలేదు.

పళ్ళ మధ్యన హాయిగా ఉన్న,
మరదలు


ఓడలో, పదిహేనో అంతస్తు, ఎండ కుర్చీ
గురువారం (పట్టా పావుగంట ఆలస్యంగా మార్చారు; మీ అన్నయ్య ఫిర్యాదు రాసిచ్చాడు)

పదహారో నంబరు ముసలాయనకి నమస్కారాలు, అరవై ఒకటో నంబరు మరదలికి అక్షింతలు,

సరే, అబద్ధమే. ఆయన నీ గురించి అడగడం లేదు. నీ ఊసెత్తితే సూపులో ఏదో పడిపోయినట్టు దాంట్లోకే చూస్తాడు.

ఈ ఓడలో కరపత్రంలో రాయని వినోదం ఒకటుంది, అది చెప్తాను. రేవులో దిగి ఊరు చూడ్డానికి పోయినవాళ్ళు సాయంత్రం చెప్పిన టైముకి వెనక్కి రావాలి. రాకపోతే మెట్లు లాగేసి ఓడ పోతుంది. ఆ ఆలస్యపువాళ్ళు సంచులు పట్టుకుని రేవు పొడుగునా పరుగెడుతుంటే, పైన పదిహేనో అంతస్తు కటకటాల దగ్గర వందలమంది గ్లాసులు పట్టుకుని చూస్తారు. ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు, అందుకుంటారా లేదా అని పందేలు కాస్తారు. చదువుకున్నవాళ్ళే.

మొదటి రేవులో మీ అన్నయ్య ముందు వరసలో నిలబడ్డాడు, వాచీ చూసుకుంటూ. ఒక జంటని వదిలేసి ఓడ కదిలితే, "మూడు నిమిషాలు లేటు. అనుభవించాల్సిందే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండో రేవులో వాచీ చూసుకోలేదు. నిన్న మూడోది.

నిన్న ఒకావిడ వచ్చింది. నా వయసుంటుంది. రెండు చేతుల్లో సంచులు, ఒక కాలికి చెప్పు లేదు. ఆవిడ సగం దూరంలో ఉండగా మెట్లు లాగేశారు. ఇంకొంచెం పరుగెత్తి, ఆగి, సంచులు కింద పెట్టి పైకి చూసింది. అందరూ ఓహో అని నవ్వారు. ఆ నవ్వుల మధ్యలోంచి ఎవరో "ఆపండి! ఓడాపండి!" అని అరిచారు. చూద్దును కదా, మీ అన్నయ్య. కటకటాల మీదికి వంగి, గొంతు పగిలేలా. పై వరస పళ్ళు జారి చేతిలోకొస్తే వాటిని పట్టుకునే అరిచాడు.

అక్కడితో ఆగలేదు. కింద కౌంటరుకి వెళ్ళి, "నాలుగు నిమిషాలు ఆగలేకపోయారా? మనుషులు కారా మీరు?" అని పోట్లాట పెట్టుకున్నాడు. ఆ పిల్ల పాపం నేర్పిన నవ్వు నవ్వి, "ఓడ ఒక్కరి కోసం ఆగదండీ" అంది.

మీ అన్నయ్య వెనక్కి తిరిగాడు. గదికొచ్చి తెర మీద సముద్రాన్ని ఆపేశాడు. పళ్ళు గ్లాసులో వేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి లేవలేదు. నాకు ఆయన మీద ఆరేళ్ళుగా ఉన్న కోపం నిన్న కాస్త తగ్గింది. అది తగ్గడం నాకిష్టం లేదు, అయినా తగ్గింది. ఉన్నమాట చెప్పాలి కదా.

ఇంకో పద్దెనిమిది రోజుల్లో మీ రేవు. ఈసారి కవరు మీద నంబరు జాగ్రత్తగా రాస్తానులే.

చప్పట్లు కొట్టని,
వదిన


పనిగది
మంగళవారం

వదినా,

జాగ్రత్తగా రాస్తానని మళ్ళీ పదహారే రాశావు. అది కాదు నేనడిగేది. ఆ పదహారుని కొట్టేసి పక్కన అరవై ఒకటి అని దిద్దిందెవరు? ఎర్ర పెన్సిల్‌తో?

నువ్వు దిద్దలేదు. నీ తప్పు నువ్వు దిద్దుకున్నట్టు ఈ జన్మలో చూడలేదు. ఆ ఆరు అంకె పొట్ట దగ్గర ముడి వేసినట్టుంటుంది. నాకు పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించిన ఆరు అది. నేనిప్పటికీ అలాగే రాస్తాను.

పదహారో నంబరాయనకి ఈసారి ఉత్తరం అందనందుకు కోపంగా ఉంది.

రేవుకి నేను రాను. ఒకసారి పరుగెత్తాను, చాలు.

మరదలు


ఓడలో, పార్కు బెంచీ, స్పీకరు పిట్టల కింద
ఆదివారం

ముడి ఆరు రాసే మరదలికి,

నీ ఉత్తరం చదివి నేను బెంచీ మీద నుంచి లేవలేదు. స్పీకరు పిట్టలు నా కోసం రెండుసార్లు కూసిన కూతే కూశాయి.

జరిగిందేమిటంటే, ఇత్తడి డబ్బాలో ఉత్తరాలు పదింటికి తియ్యాలని నియమం. నియమం అనే మాట వింటే మీ అన్నయ్య వదలడు కదా. రోజూ పదింటికి వెళ్ళి కాపలా కాస్తాడు. "ఎలాగూ వెళ్తున్నారు, ఇది వెయ్యండి, పిల్లలకి రాశాను" అని కవరు బోర్లించి చేతికిస్తున్నాను. నేనో పెద్ద తెలివైనదాన్ననుకున్నాను. ఆయన తిరగేసి చూశాడన్నమాట. చూసి, నన్ను ఒక్క మాట అడక్కుండా, నంబరు దిద్ది డబ్బాలో వేశాడన్నమాట. నువ్వు ఊరు మారాక ఆ చిరునామా నేనెప్పుడూ ఆయనకి చెప్పలేదు. నా పుస్తకంలో కూడా తప్పే ఉంది. మరి ఆయనకెలా తెలుసో నువ్వే ఆలోచించుకో.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు, అయితే ఆ ఒట్టు నేల మీద వేసింది, సముద్రం మీద చెల్లదు. అత్తయ్య పోయిన పదమూడో రోజున డ్యూటీకి వెళ్ళి విజిల్ ఆఫీసులో ఇచ్చేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. పోయిన సామాన్ల గదికి మార్పించుకున్నాడు. రిటైరయ్యేదాకా ఆరేళ్ళు, ఎవరో మర్చిపోయిన గొడుగుల మధ్య, ఒంటి చెప్పుల మధ్య కూర్చున్నాడు. సామాను కోసం వచ్చినవాళ్ళు ఎంత ఆలస్యంగా వచ్చినా గది మూసేవాడు కాదట. ఇంటికి రోజూ ఆలస్యమే. నేను తిడితే బస్సుల మీదికి నెట్టేవాడు.

క్షమించమని నేను అడగను. ఆవేళ ఆస్పత్రిలో తలుపు చప్పుడైనప్పుడల్లా అత్తయ్య నీకోసం చూసింది. అది చూసినదాన్ని, నాకు క్షమించమనే హక్కు లేదు. ఉన్న సంగతి రాశాను, అంతే.

స్పీకరు కింద,
వదిన


పనిగది
శుక్రవారం

వదినా,

గొడుగుల గదిలో ఆరేళ్ళు. ఎంత బావుందో. ఆ బుద్ధి ఒక్క ఐదు నిమిషాలు ముందొచ్చుంటే ఎంత బావుండేదో కూడా చెప్పు ఆయనకి. వద్దు, చెప్పకు.

నువ్వు ఒట్టు తీసి గట్టున పెట్టావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆవేళ నా పొయ్యి మీద ఉన్నది ఎవరి పళ్ళనుకున్నావు? మీ ఆయనవి. సాయంత్రం డ్యూటీ దిగేసరికి కావాలని వారం రోజులు ప్రాణం తీశాడు. పళ్ళు ఉడుకుతుండగా మధ్యలో దించితే లోపల బుడగలొచ్చి పాడవుతాయి. దించేసి వచ్చుంటే బస్సు అందేది. ఆయనకి రేపటి నుంచి పళ్ళుండాలి కదా, ఐదు నిమిషాలే కదా, ఆపేది మా అన్నయ్యే కదా అనుకున్నాను. అందుకు ఆగాను. ఆ మాట ఆరేళ్ళూ నాలోనే ఉంచుకున్నాను. ఆయన్ని తిట్టడానికి పనికొచ్చే మాటే, అయినా అంటే అది నా తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుందని.

ఆ పళ్ళు నా దగ్గరే ఉన్నాయి. ఊరు మారినప్పుడు కూడా డబ్బాతో తెచ్చుకున్నాను. ఎందుకని అడక్కు.

ఇప్పుడవి పట్టవు. ఆరేళ్ళలో చిగుళ్ళు అరిగిపోతాయి. మళ్ళీ మొదటినుంచి అచ్చు తియ్యాలి, నాలుగైదు రోజుల పని. మీ ఓడ తొమ్మిది గంటలు ఆగుతుంది. ప్లాస్టరుకి విజిల్ వినపడదు.

నేను రేవుకి రాను. పనిగదిలో కుర్చీ ఉంది. ఎవరైనా వస్తే కూర్చోవచ్చు.

మరదలు


ఓడలో, పదకొండో అంతస్తు
ఇరవై రెండో తారీకు, సాయంత్రం ఏడు గంటలు

మరదలా,

ఇది నీకు ఎప్పుడందుతుందో తెలియదు. ఇప్పుడే రాయకపోతే నాకు ఉండబట్టేలా లేదు.

ముందు నా వైపు సంగతి. మొన్న మంచు మైదానంలో జారిపడ్డాను కదా (రాయలేదు, నీ నవ్వు నాకిక్కడిదాకా వినపడుతుందని), దాన్ని పట్టుకుని ఇవాళ పొద్దున కాలు నేల మీద పెట్టలేనన్నాను. "మీరొక్కరే వెళ్ళి నొప్పి మందు పట్టుకురండి" అని మీ వీధి పేరు చెప్పాను. ఆయన నా కాలు వంక చూశాడు. నేను మూలిగాను. "ఆ వీధిలో మందుల షాపుందా?" అన్నాడు. "వెళ్తే తెలుస్తుంది" అన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, డిపో బూట్లు తుడుచుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాడు. మూడోసారి నేనే తలుపేశాను.

నాలుగింటికి వస్తాడనుకున్నాను. ఈయన ఏ రోజైనా గంట ముందే వచ్చే మనిషి. నాలుగున్నరకి మైకులో మా గది నంబరు పిలిచారు. చప్పున కాలు నొప్పి మాయమై పదిహేనో అంతస్తుకి పరుగెత్తాను. కటకటాల దగ్గర అప్పటికే జనం, గ్లాసులు, ఈలలు. పక్కన పూలచొక్కావాడొకడు నాతో హుషారుగా, "ఇవాళ ఒక్కడేనట. ముసలాడట" అన్నాడు. ఆయన ఆలస్యం కాడు, మరదలా. ఆయన ఆలస్యమయ్యాడంటే ఏ బండి కిందో పడ్డాడనే అనుకున్నాను. నువ్వు తలుపు తియ్యకపోతే ఎక్కడో రోడ్డు మీద కూలబడ్డాడనుకున్నాను. పంపించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. కౌంటరు పిల్ల వచ్చి మా గదిలోంచి ఆయన పాస్‌పోర్టు తీసి రేవులో ఏజెంటుకి ఇచ్చేస్తామంది. దానికీ ఒక పద్ధతుంది వీళ్ళకి. సౌకర్యం మీద సౌకర్యం.

ఐదుకి పది నిమిషాలుందనగా మీరిద్దరూ కనిపించారు.

నువ్వు ఎప్రాన్‌లో ఉన్నావు. ఆయన నీ పక్కన నడుస్తున్నాడు. పరుగెత్తడం లేదు. పైనుంచి అందరూ "పరుగెత్తు, పరుగెత్తు" అని అరుస్తున్నారు. మీరు సాయంత్రం షికారుకొచ్చినట్టు నడిచి వస్తున్నారు. ఓడ మెట్ల ముందు గీసిన గీత దగ్గరికొచ్చి ఆయన ఆగిపోయాడు. మెట్లు ఇంకా తియ్యలేదు. నాలుగు అడుగులేస్తే ఎక్కెయ్యొచ్చు. ఎక్కలేదు. పైకి చూసి నన్ను వెతుకుతున్నాడు. వేలమందిలో ఎలా కనపడతాను? కంగారులో మంచం మీది తువ్వాలు ఏనుగుని చంకలో పెట్టుకునే వచ్చాను. దాన్ని పైకెత్తి, తొండం పట్టుకుని ఊపాను.

చూశాడు. చూసి నవ్వాడు. నోట్లో పైన లేదు, కింద లేదు, ఒక్క పన్ను లేదు. అంత నోరు తెరిచి నవ్వగా నా పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు.

మెట్లు లాగేశారు. ఆయన వాచీ చూసుకున్నాడు. సరిగ్గా ఐదింటికి కుడిచెయ్యి పైకెత్తి, ఓడని పొమ్మని ఊపాడు, డిపోలో బస్సుని పంపినట్టే. ఓడ కదిలింది. ఓడవాళ్ళు ఏమైనా అనుకోనీ, దీన్ని పంపించింది మీ అన్నయ్యే.

కటకటాల దగ్గర ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. పరుగెత్తనివాడికి చప్పట్లు కొట్టాలా వద్దా? చివరికి ఆ పూలచొక్కావాడే మొదలుపెట్టాడు. నేను కొట్టలేకపోయాను. తువ్వాలుతో మొహం తుడుచుకోవాల్సొచ్చింది. పాపం ఏనుగు.

పళ్ళు పూర్తయ్యేదాకా ఆయన్ని పంపకు. తొందరేం లేదు, నాకిక్కడ ఇరవై రెండు భోజనశాలలున్నాయి. లోపలేం జరిగిందో మాత్రం పొల్లుపోకుండా రాయి, లేకపోతే పదహారో నంబరాయనకి రాసి తెలుసుకుంటాను.

మొదటిసారి ఒంటరిగా, రెండు కాళ్ళూ బావున్న,
వదిన


పనిగది
ఇరవై నాలుగు

వదినా,

మర్యాదస్తుల ఓడలో తువ్వాలు ఏనుగుని తొండం పట్టి ఊపినదానివి నువ్వొక్కదానివే అయ్యుంటావు. రేవులో వాళ్ళంతా నీ వంకే చూశారు.

పొల్లుపోకుండా రాయమంటావని తెలుసు. తొమ్మిదింటికి కిటికీలో డిపో బూట్లు కనిపించాయి. ఇటునుంచి అటు వెళ్ళాయి. అటునుంచి ఇటు వచ్చాయి. నలభై నిమిషాలు అలా తిరిగాయి. నేను పిలవలేదు. ఏ పనీ చెయ్యలేదు కూడా, చేతిలో మైనం కరిగి వేళ్ళకి అంటుకుపోయింది. చివరికి బూట్లు మెట్లు దిగాయి.

లోపలికొచ్చి కూర్చోలేదు. "నాలుగు నిమిషాలే కదా. ఆపాల్సింది" అన్నాడు. అంతే అన్నాడు.

ఈ మాటకి జవాబులు ఆరేళ్ళుగా నూరి పెట్టుకున్నాను. నీకు తెలుసుగా నా నోరు. తీరా ఆయనొచ్చాక, "కూర్చో. నోరు తెరు" అన్నాను.

ఎవడో కట్టిన ఆ పళ్ళు తీసి చెత్తబుట్టలో పడేశాను. అప్పుడు డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఎవరివని అడిగాడు. నీవే, ఆవేళ పొయ్యి మీద ఉన్నవి ఇవే అన్నాను. పెట్టుకుని చూశాడు, పట్టలేదు. చిగుళ్ళ మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు. "పట్టవురా అన్నయ్యా, అరిగిపోయాయి" అంటే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పై అంతస్తు డాక్టరు చప్పుడు విని దిగొచ్చి, పన్ను పీకకుండానే ఇంత గోలేమిటన్నాడు.

అచ్చు తీశాం. ప్లాస్టరు పోశాం. మూడున్నరకి నేనే చెప్పాను, ఇంక బయల్దేరు, పళ్ళు తర్వాతి రేవుకి పంపుతాను, ప్లాస్టరు ఇంకా ఆరలేదని. మా అన్నయ్య వాచీ చూసుకున్నాడు. ఆ అచ్చు వంక చూశాడు. "ఆరనీ" అన్నాడు.

ఓడ పోతుందన్నాను. "పోనీ, అది టైముకి పోవాలి. మీ వదిన కంగారుపడుతుంది, రేవుకెళ్ళి కనపడి వద్దాం పద" అన్నాడు. దారిలో నేను అడుగు పెద్దది వేస్తే, "పరుగెత్తకు" అన్నాడు.

రేపు మైనం పళ్ళు పెట్టి చూస్తాం. ఎల్లుండి ఉడికిస్తాను. పొయ్యి దగ్గర తనే కూర్చుంటాడట, దించే టైము తను చూస్తాడట. వద్దంటే వినడు. పదహారో నంబరాయన కూడా వచ్చి కూర్చుంటానంటున్నాడు. పూర్తయ్యాక బండెక్కిస్తాను, మీ ఓడ ఇక్కణ్ణుంచి మూడో రేవు చేరేసరికి అక్కడుంటాడు. కవరు మీద చిరునామా ఈసారి తనే రాస్తున్నాడు. అడుగున తనూ ఏదో రాస్తాడట, ఖాళీ వదలమన్నాడు.

మెట్ల కింద మహారాణి,
మరదలు

(అడుగున ఎర్ర పెన్సిల్‌తో)

నేను రావడానికి ఆలస్యమవుతుంది. భోజనానికి నా కోసం ఆగకు.